బోటు ఉన్నవాళ్లు ఏడాదికి నిజంగా ఎన్ని గంటలు నడుపుతున్నారు?

కమ్మింగ్_కిరణ్
జార్జియాలో ఉంటాం, లేక్ లేనియర్ మా ఇంటికి పావుగంట. చాన్నాళ్లుగా పాంటూన్ (తేలే గొట్టాల మీద చదునైన డెక్ ఉండే బోటు) కొనాలని ఉంది. ఇప్పుడొకటి నచ్చింది: 2016 మోడల్, 22 అడుగులు, 115 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ (బోటు వెనక బయట తగిలించే ఇంజిన్). ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో చూపే అవర్ మీటర్ మీద 190 గంటలే ఉన్నాయి. "పెద్దగా వాడలేదు, కొత్తదాని కిందే లెక్క" అంటున్నాడు అమ్మే ఆయన. కానీ మా ఆవిడ ఒక మాట అడిగింది. "ఇన్నేళ్లలో ఆయన అంతే నడిపితే మనం మాత్రం ఎంత నడుపుతాం? ఏడాదికి ఇరవై గంటల కోసం ఇంత డబ్బు పోయాలా?" అని. నా దగ్గర జవాబు లేదు. బోటు ఉన్నవాళ్లు మీ మీటర్ చూసి చెప్పండి. ఏ లేక్, పిల్లలు ఏ వయసు, స్లిప్‌లో (మెరీనాలో, అంటే బోట్ల రేవులో, నీళ్ల మీద అద్దెకిచ్చే చోట) పెట్టారా ట్రైలర్ మీద లాగుతారా, ఇవి కూడా రాస్తే మాకు అంచనా దొరుకుతుంది.

ఫ్రిస్కో_బాబు
లేక్ లూయిస్‌విల్, డాలస్ పక్కన. ఏడాదికి నలభై, కాస్త అటూ ఇటూ. కొన్న ఏడాది డెబ్భై దాకా పోయింది. స్లిప్‌లో ఉంటుంది.

నోవై_మాధవి
మిషిగన్. ముప్పై దాటితే ఆ ఏడాది బాగా తిరిగినట్టే. మాకు సీజన్ అంటే మే ఆఖర్లో మెమోరియల్ డే నుంచి సెప్టెంబరు మొదట్లో లేబర్ డే దాకా. పదిహేను వారాంతాలు. అందులో వాన పడేవి కొన్ని, గాలి ఎక్కువున్నవి కొన్ని, పిల్లల సాకర్, ఎవరో ఒకరింట్లో వ్రతం, గృహప్రవేశం. 2025లో తానా మహాసభలు మా నోవైలోనే, సరిగ్గా జూలై 4 వారాంతంలో జరిగాయి. ఇంటి నిండా చుట్టాలు. సీజన్ మొత్తంలో అన్నిటికన్నా మంచి మూడు రోజులు బోటు డాక్ దగ్గరే ఉండిపోయింది. నాకేం బాధ లేదు, చుట్టాలే ముఖ్యం. గంటలు ఎందుకు పెరగవో చెప్పడానికి రాశాను.

టాంపా_సముద్రం
ఫ్లోరిడా, ఉప్పునీళ్లు. నూట ఇరవై దాకా వస్తాయి. చూసి కుళ్లుకోకండి. ఇక్కడ మెనటీలు (పెద్ద నీటి జంతువులు) తిరిగే చోట్ల నెమ్మదిగానే పోవాలి. డాక్ నుంచి బే దాకా చేరడానికే అరగంట, తిరిగొచ్చేటప్పుడు ఇంకో అరగంట. మీటర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

గణితం_గిరి
కిరణ్ గారూ, మీ ఆవిడ అడిగింది సరైన ప్రశ్న. లెక్క వేసి చూపిస్తా. స్లిప్ అద్దె, ఇన్సూరెన్స్, సర్వీసు, రిజిస్ట్రేషన్, బోటు విలువ తరుగుదల అన్నీ కలిపి ఏడాదికి 6,000 డాలర్లు అనుకోండి. 30 గంటలు నడిపితే గంటకు 200. 60 నడిపితే గంటకు 100. గ్యాస్ (పెట్రోలు) దీనికి అదనం. ఫుల్ థ్రాటిల్‌లో హార్స్‌పవర్‌ని పదితో భాగిస్తే గంటకు ఎన్ని గ్యాలన్లు తాగుతుందో సుమారుగా తెలుస్తుంది. 115కి పదకొండు పైమాటే. మామూలు వేగంలో అందులో సగం. పైగా నీళ్ల మీద ఫ్యూయల్ డాక్‌లో రేటు రోడ్డు మీద బంకు కన్నా ఎక్కువ. ఏడాదికి ఇరవై గంటలే అనిపిస్తే బోటు క్లబ్‌లో చేరండి, లేదా వెళ్లిన రోజు అద్దెకు తీసుకోండి. సొంత బోటు దండగ.

కోవ్_కబుర్లు
గిరి గారూ, మీ లెక్కలో ఒక పెద్ద పొరపాటు ఉంది. ఇంజిన్ తిరిగిన గంటలు వేరు, మేం నీళ్ల మీద గడిపిన గంటలు వేరు.

మాదీ లేనియరే. పొద్దున పదింటికి డాక్ వదులుతాం. ఇరవై నిమిషాల్లో మాకు ఇష్టమైన కోవ్ (ఒడ్డులోకి చొచ్చుకుపోయిన చిన్న నీటి పాయ) చేరతాం. యాంకర్ వేసి ఇంజిన్ ఆపేస్తాం. పిల్లలు నీళ్లలో దిగితే మళ్లీ పైకి రారు. మా అత్తగారు నీడలో కూర్చుని చెల్లెలితో ఫోన్ మాట్లాడుకుంటారు. పులిహోర, దద్దోజనం, పుచ్చకాయ ముక్కలు. సాయంత్రం నాలుగు దాటాక లేచి ఇంకో ఇరవై నిమిషాల్లో వెనక్కి. రోజంతా మేం లేక్ మీదే ఉన్నాం, మీటర్ మీద గంట కూడా కదల్లేదు. పాంటూన్ కొనేదే ఇందుకు. దాన్ని పట్టుకుని గంటకు రెండొందల డాలర్లని లెక్క కడితే ఎలా? ఆరేడు మంది కుటుంబం ఫోన్లు పక్కన పెట్టి ఒకచోట కూర్చున్న పూటలు ఎన్నో లెక్కేసి, వాటితో భాగించండి.

ఫ్రిస్కో_బాబు
అక్కా, ఆ పులిహోర ఏ కోవ్‌లో దొరుకుతుందో చెప్తే టెక్సస్ నుంచి లాక్కొచ్చేస్తా బోటు.

నోవై_మాధవి
కోవ్_కబుర్లు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మా ముప్పై గంటలు కూడా అలాంటివే.

గణితం_గిరి
ఒప్పుకుంటా, పూటలతో భాగించడం న్యాయమే. అయినా ఖర్చు ఖర్చే కదా. కొనేవాళ్లకు అది ముందే తెలియాలి, కొన్నాక కాదు. అందుకే రాశా.

ప్రాప్_పంతులు
నార్త్ కరొలైనాలో లేక్ నార్మన్ దగ్గర ఔట్‌బోర్డ్‌లు విప్పి బిగించడమే నా పని. కిరణ్ గారు అడిగిన దాంట్లో రెండు ప్రశ్నలున్నాయి, విడివిడిగా చూద్దాం.

మొదటిది ఎవరెంత నడుపుతారనేది. పాత బోట్ల బజార్లో మామూలుగా చెప్పే లెక్క ఏడాదికి 50 నుంచి 100 గంటలు. మా షాపుకొచ్చే కుటుంబాల బోట్లలో చాలావాటికి ఆ 50 కూడా నిండదు. వంద దాటించేవాళ్లు చేపలు పట్టేవాళ్లు, ఇల్లే నీటి ఒడ్డున ఉన్నవాళ్లు, రిటైరైనవాళ్లు. కాబట్టి 190 అంటే నమ్మొచ్చు.

రెండోది, తక్కువ గంటలంటే కొత్తదానితో సమానమా అని. కాదు. ఔట్‌బోర్డ్ సర్వీసు గడువు పుస్తకంలో "100 గంటలు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది" అని ఉంటుంది. ఆ "లేదా ఏడాది" ఊరికే పెట్టలేదు. నీటి పంపులో తిరిగే రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, రబ్బరుది. కదలకుండా నెలల తరబడి ఒకే వంపులో ఉంటే దాని రెక్కలు అలాగే బిగుసుకుపోతాయి, తర్వాత పగులుతాయి. పంపు ఆగితే ఇంజిన్‌కి చల్లటి నీళ్లు అందవు, నిమిషాల్లో వేడెక్కిపోతుంది. ఇక గ్యాస్ సంగతి. బంకుల్లో దొరికేదాంట్లో మామూలుగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీల్చుకుంటుంది. నీళ్లు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీళ్లు కలిసి విడిపోయి ట్యాంకు అడుక్కి దిగుతాయి. ఇంజిన్ పీల్చేది అక్కడి నుంచే. వారం వారం నడిచే బోటులో గ్యాస్ అంతకాలం ఉండదు, అయిపోతూ ఉంటుంది. మూలన పడి ఉన్న బోటులోనే ఈ బాధంతా.

కిరణ్ గారూ, ఏడాదికోసారి సర్వీసు చేయించిన బిల్లులు ఉన్నాయేమో అడగండి. ఏటా ఆయిల్ మార్చిన 600 గంటల ఇంజిన్, బిల్లే లేని 190 గంటల ఇంజిన్ పక్కపక్కన పెడితే నేను 600దే తీసుకుంటా. లోయర్ యూనిట్ (ఇంజిన్‌కి ప్రొపెల్లర్ ఉండే కింది భాగం) గేర్ ఆయిల్ కాస్త దించి చూపించమనండి. మజ్జిగలా తెల్లగా వస్తే సీల్ పోయి నీళ్లు చేరినట్టు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇంజిన్ కంప్యూటర్లోంచి రిపోర్టు తీయించండి. డ్యాష్‌బోర్డ్ మీటర్లు కొన్ని తాళం తిప్పి ఉంచితే చాలు, ఇంజిన్ నడవకపోయినా తిరుగుతూనే ఉంటాయి. కంప్యూటర్ ఇంజిన్ నిజంగా నడిచిన గంటలే రాసుకుంటుంది. ఏ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర ఎన్ని గంటలు నడిచిందో కూడా చెప్తుంది.

ఫ్రిస్కో_బాబు
పంతులు గారూ, మరీ టెన్షన్ పెడుతున్నారు. నేను కొన్నదీ తక్కువ గంటలదే. నాలుగో ఏడాది నడుస్తోంది, ఏ గొడవా లేదు.

ప్రాప్_పంతులు
మీరు స్లిప్‌లో ఉంచి తరచూ నడుపుతున్నారు, సర్వీసూ చేయిస్తున్నారు. అందుకే గొడవ లేదు. నేను భయపడమనడం లేదు, బిల్లులు చూడమంటున్నా.

టాంపా_సముద్రం
ఆర్‌పీఎం రిపోర్టు మాట నిజం. మా ఇంజిన్ గంటల్లో సగానికి పైగా ఐడిల్ (అతి తక్కువ వేగం) దగ్గరే. మీటర్ మాత్రమే చూస్తే బాగా అరిగిపోయిందనుకుంటారు. ఇక్కడ గంటల కన్నా ఉప్పుదే పెద్ద బెడద. వెళ్లొచ్చిన ప్రతిసారీ ఇంజిన్‌లోకి పది పదిహేను నిమిషాలు మంచినీళ్లు పట్టాల్సిందే. అరగంట తిరిగినా, రోజంతా తిరిగినా కడగడం ఒకటే. లేనియర్ వాళ్లకు ఆ బాధ లేదు, అదృష్టవంతులు.

ఉప్పాడ_కెరటం
మాది కాకినాడ దగ్గర ఉప్పాడ. నాన్న ఫైబర్ బోటు మీద వేటకు వెళ్లేవాడు, ఇప్పుడు తమ్ముడు వెళ్తున్నాడు. తెల్లవారకముందే సముద్రంలోకి దిగితే తిరిగి ఒడ్డు పట్టేసరికి మధ్యాహ్నం. మీరు ఏడాదికి చెబుతున్న గంటలు వాడి ఇంజిన్‌కి వారం రోజుల పని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం, మధ్యలో తుపాను హెచ్చరికలు. అవి తప్ప ఇంజిన్‌కి విశ్రాంతి లేదు.

నేనిది మిమ్మల్ని తక్కువ చేయడానికి రాయడం లేదు. నేనూ ఇక్కడ డెలావేర్‌లో చిన్న బోటు కొనుక్కున్నా. పంతులు గారు చెప్పింది మా ఊళ్లో ప్రతి ఇంటికీ తెలుసు. నడిచే ఇంజిన్ పెట్టే ఇబ్బంది తక్కువ, ఆగిన ఇంజిన్‌తోనే తంటా. నిషేధం రోజుల్లో అందుకే ఊరంతా ఒడ్డునే పని చేస్తుంది. ఒక పక్క వలలు బాగుచేస్తారు, ఇంకో పక్క ఇంజిన్ విప్పి, కడిగి, నూనె పెట్టి మళ్లీ బిగిస్తారు. జూన్‌లో మొదటి రోజు సముద్రం మధ్యలో ఆగితే లాక్కొచ్చే దిక్కుండదు మరి. ఇక్కడ శీతాకాలం నాకు వేట నిషేధం లాంటిదే అనుకుంటా. ఆ నాలుగు నెలలూ బోటు దగ్గరకే వెళ్లకుండా ఉండటం నావల్ల కాదు. కవర్ ఎత్తి బ్యాటరీ చూస్తా, ఎలుకలు దూరాయేమో చూస్తా. మీటర్ మీద అవి పడవు, కానీ అవీ బోటు గంటలే.

నోవై_మాధవి
ఎలుకల మాట నిజం. మా పక్కింటాయన బోటు సీట్ల ఫోమ్ అంతా తినేశాయి.

మిషిగన్ వాళ్లకు ఇంకో ఖర్చు కూడా ఉంటుంది. అక్టోబరులో బోటు పైకి తీసి వింటరైజ్ (చలికాలానికి సిద్ధం) చేయించాలి. స్టెర్న్‌డ్రైవ్ (ఇంజిన్ బోటు లోపల ఉండే రకం) అయితే ఇంజిన్‌లో నీళ్లు చుక్క మిగలకుండా తీసేసి గులాబీ రంగు యాంటీఫ్రీజ్ ఎక్కించాలి, లేకపోతే గడ్డకట్టి బ్లాక్ పగులుతుంది. ఔట్‌బోర్డ్‌ని నిలువుగా వదిలేస్తే నీళ్లు వాటంతటవే దిగిపోతాయి, ఆ సుఖం ఉంది. పైన ష్రింక్ ర్యాప్ చుట్టించాలి. ముప్పై గంటలు నడపడానికి ఏడు నెలలు దాచుకోవాలి.

సియాటిల్_వాన
మాకు లేక్ వాషింగ్టన్ గడ్డకట్టదు, కాబట్టి ఏడాది పొడుగునా నీళ్లలోనే ఉంచొచ్చు. అలాగని ఏడాది పొడుగునా వెళ్తామా అంటే వెళ్లం. నవంబర్ నుంచి మార్చి దాకా ఒకటే ముసురు. వేసవిలో మాత్రం రాత్రి తొమ్మిదింటికీ వెలుతురుంటుంది. ఆఫీసు అయ్యాక వెళ్లి రెండు గంటలు తిరిగి రావొచ్చు. మా గంటల్లో ఎక్కువ భాగం ఇలాంటి వారం మధ్య సాయంత్రాలవే. ఆగస్టు మొదట్లో సీఫేర్ ఉత్సవానికి మాత్రం రోజంతా నీళ్ల మీదే.

ఫ్రిస్కో_బాబు
నాకూ అంతే. ఇక్కడ జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం వంద ఫారెన్‌హీట్ దాటుతుంది, ఎండలో బోటు మీద చెయ్యి పెట్టలేం. పొద్దున ఆరున్నరకి వెళ్లి పదింటికి వచ్చేస్తాం, లేదా సాయంత్రం. ట్రైలర్ మీద లాక్కెళ్లాలంటే ఇలా కుదరదు. హిచ్ తగిలించి, ర్యాంప్ దగ్గర వరసలో నిలబడి, దింపి, మళ్లీ ఎక్కించి, ఇంటికొచ్చి కడిగి... రెండు గంటల షికారుకి మూడు గంటల పని. కిరణ్, గంటలు పెరగాలంటే బోటు నీళ్లలోనే ఉండాలి. స్లిప్ దొరికితేనే కొనుక్కో బ్రదర్.

హుస్సేన్‌సాగర్_తెరచాప
హైదరాబాద్ నుంచి. మా లేజర్‌కి (ఒక్కరు నడిపే చిన్న తెరచాప పడవ) ఇంజినూ లేదు, మీటరూ లేదు. గాలి బాగున్న జూలైలో, హైదరాబాద్ సెయిలింగ్ వీక్ రోజుల్లో, పొద్దున దిగితే సాయంత్రం దాకా. గ్యాస్ ఖర్చు సున్నా అని గిరి గారి పట్టికలో రాసుకోండి.

గణితం_గిరి
రాసుకున్నా. ఈ చర్చ మొత్తంలో నాకు నచ్చిన బోటు అదే.

గోదారి_గట్టు
నేను వేరే మాట చెప్పాలి. మాది రాజమండ్రి. ఇక్కడ బోటు కొంటానంటే మా అమ్మ వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. పాపికొండలు చూద్దామని బయల్దేరినవాళ్లు. ఆ బోటును ధర్మాడి సత్యం గారి బృందం పైకి తీసేసరికి అక్టోబర్ 22 అయింది. ఆ నెల రోజులూ మా ఊళ్లో ఎవరి నోట విన్నా అదే మాట. మా అమ్మకు బోటంటే ఇప్పటికీ అదే.

అందుకే గంటలు, డాలర్ల కన్నా ముందు నేను దీన్ని లెక్క చూసుకుంటా. అమెరికా కోస్ట్ గార్డ్ లెక్క ప్రకారం 2023లో వినోద బోట్ల ప్రమాదాల్లో 564 మంది పోయారు. మరణ కారణం తెలిసినవాళ్లలో నలుగురిలో ముగ్గురు మునిగిపోయినవాళ్లే. ఆ మునిగినవాళ్లలో నూటికి 87 మంది లైఫ్ జాకెట్ వేసుకోలేదు. ఏడాదికి ఇరవై ముప్పై గంటలు నడిపేవాళ్లకు చెయ్యి అలవాటు తప్పుతుంది. ప్రతి వేసవీ మొదటి రెండు మూడు సార్లు కొత్తగా నేర్చుకున్నట్టే ఉంటుంది. ఆ రోజుల్లో పిల్లల్ని, పెద్దవాళ్లని ఎక్కించుకోకండి. మీరొక్కరే, లేదా ఇంకో పెద్దమనిషితో వెళ్లి డాకింగ్ సాధన చేయండి.

కోవ్_కబుర్లు
చాలా మంచి మాట. జార్జియాలో కదిలే బోటు మీద 13 ఏళ్లలోపు పిల్లలకు లైఫ్ జాకెట్ తప్పనిసరి. మా పడవలో మాత్రం వయసుతో పని లేదు, అత్తగారితో సహా అందరూ వేసుకోవాల్సిందే. డాక్‌లకి, ఒడ్డుకి, వేరే బోట్లకి 100 అడుగుల లోపల ఐడిల్ మీదే పోవాలి. కొత్తగా కొనేవాళ్లు అది మర్చిపోతుంటారు.

ప్రాప్_పంతులు
2021 ఏప్రిల్ 1 నుంచి కిల్ స్విచ్ నియమం కూడా ఉంది. 26 అడుగుల లోపు బోటులో ఆ స్విచ్ అమర్చి ఉంటే, ప్లేన్ మీద (వేగానికి పైకి లేచి నీళ్ల మీద జారుతూ) పోయేటప్పుడు నడిపేవాళ్లు దాని తాడు ఒంటికి తగిలించుకోవాలి. నడిపే మనిషి నీళ్లలో పడితే ఇంజిన్ ఆగుతుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా అది చేయండి. ప్రొపెల్లర్ గాయం చూసినవాళ్లెవరూ ఆ తాడు వదలరు.

కమ్మింగ్_కిరణ్
అందరికీ చాలా థ్యాంక్స్. మా ఆవిడా కూర్చుని మొత్తం చదివింది. గోదారి_గట్టు గారి పోస్టు రెండుసార్లు చదివింది. ఇద్దరం ఆన్‌లైన్‌లో బోటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేస్తున్నాం. జార్జియాలో 1998 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకే అది తప్పనిసరి. మా వయసుకి అక్కర్లేదు, అయినా చేస్తున్నాం.

అమ్మే ఆయన ఇంజిన్ రిపోర్టు తీయించి పంపాడు. కంప్యూటర్ ప్రకారం 158 గంటలే, మీటర్ మీద 190. ఎక్కువ భాగం 3,000 ఆర్‌పీఎం లోపే. సర్వీసు బిల్లులు మొదటి నాలుగేళ్లవే ఉన్నాయి, ఆ తర్వాత లేవు. ఇంపెల్లర్ మార్చారో లేదో ఆయనకే గుర్తులేదట.

కోవ్_కబుర్లు
ఆ తేడా అంతా కోవ్‌లో తాళం ఆన్‌లో పెట్టి పాటలు విన్న గంటలే అయ్యుంటుంది. మంచి కుటుంబమే!

ప్రాప్_పంతులు
ఆర్‌పీఎం బాగుంది, గట్టిగా పరిగెత్తించిన బోటు కాదు. బిల్లుల్లో ఆ ఖాళీ మాత్రం నాకు నచ్చలేదు. బేరం వదులుకోవాల్సిన అవసరం లేదు. ఇంపెల్లర్, థర్మోస్టాట్లు, ఫ్యూయల్ ఫిల్టర్లు, గేర్ ఆయిల్, ఇంజిన్ ఆయిల్ అన్నీ మార్చాల్సిందే అనుకుని ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. ట్యాంకులో పాత గ్యాస్ ఉంటే తీయించేయండి, దాంతో సీ ట్రయల్‌కి (నీళ్ల మీద నడిపి చూడటానికి) వెళ్లొద్దు. కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి కొలిచే పరీక్ష) చేయించి, సిలిండర్లన్నీ దగ్గరదగ్గరగా వస్తేనే డబ్బు కట్టండి. వాళ్ల మెకానిక్ చేత కాదు, మీరు పెట్టుకున్న మనిషి చేత.

గణితం_గిరి
ధర తగ్గిస్తే నా అభ్యంతరం సగం పోయినట్టే. స్లిప్ సంగతేంటి?

కమ్మింగ్_కిరణ్
దగ్గర్లో ఉన్న మెరీనాలో ఆరు నెలల వెయిటింగ్ అన్నారు. అవతలి ఒడ్డున వెంటనే ఉందట, కానీ ఇంటి నుంచి ముప్పావుగంట.

ఫ్రిస్కో_బాబు
ముప్పావుగంట అయితే వారం మధ్యలో వెళ్లలేవు. ఆరు నెలలు ఆగు. ఈలోగా ట్రైలర్ మీద ఉంచు.

కోవ్_కబుర్లు
నేనూ అదే చెప్తా. ఇంకోటి, స్లిప్ తీసుకునే ముందు అక్కడ నీళ్ల లోతు అడగండి. లేనియర్ నిండు మట్టం సముద్రమట్టం నుంచి 1,071 అడుగులు. 2007 కరవులో డిసెంబరు నాటికి 1,051 కన్నా కిందికి దిగింది, ర్యాంప్‌లు చాలావరకు మూతపడ్డాయి. అంత కరవు రాకపోయినా, వానల్లేని ఏడాది శరదృతువులో కొన్ని కోవ్‌ల లోపలి డాక్‌లు బురద మీద కూర్చుంటాయి. అలాంటి చోట స్లిప్ దొరికితే సెప్టెంబరు తర్వాత గంటలు ఆగిపోయినట్టే. లేక్ మధ్య వైపున్న వరసలో అడగండి, అద్దె కాస్త ఎక్కువైనా.

కమ్మింగ్_కిరణ్
ఇది ఎవరూ చెప్పలేదు. శనివారం మెకానిక్‌తో కలిసి బోటు చూడటానికి వెళ్తున్నాం, మెరీనాలో కూడా ఆగి అడుగుతా.

ప్రాప్_పంతులు
వెళ్లేముందు అమ్మే ఆయనకు ఫోన్ చేసి, మీరు వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని చెప్పండి. చల్లగా ఉన్నప్పుడు ఎలా అందుకుంటుందో మీరే చూడాలి. కంప్రెషన్ నంబర్లు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.